మూడు అరల తీర్పు

కోర్టు తీర్పుల్ని వ్యాసాల్లా చదివే అలవాటు మనకు తక్కువ. వాటి భాష అలాంటిది మరి. కానీ 1952లో అమెరికా సుప్రీంకోర్టు జడ్జి రాబర్ట్ జాక్సన్ రాసిన ఒక తీర్పుని మంచి వ్యాసంలాగే చదవొచ్చు. అధ్యక్షుడు ఏం చేయగలడు, ఏం చేయలేడు అన్న తగువు వచ్చిన ప్రతిసారీ అక్కడి లాయర్లు ముందు తెరిచేది దీన్నే. ఇంతగా వాడుకలో నలిగిన ఈ రాత ఇప్పటికీ ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ బీటలిచ్చింది అని చూడాలి.

సందర్భం ఇది. కొరియా యుద్ధం నడుస్తోంది. స్టీలు కంపెనీలకీ కార్మికుల యూనియన్‌కీ జీతాల దగ్గర పేచీ వచ్చింది. సమ్మె మొదలవడానికి కొన్ని గంటల ముందు, ఏప్రిల్ 8న, అధ్యక్షుడు ట్రూమన్ మిల్లుల్ని ప్రభుత్వ స్వాధీనంలోకి తీసుకోమని ఆర్డరు వేశాడు. సైన్యానికి ఉక్కు ఆగకూడదన్నది ఆయన వాదన. కంపెనీలు కోర్టుకెక్కాయి. జూన్ 2న 6–3 తేడాతో ట్రూమన్ ఓడిపోయాడు. ఆ తొమ్మిదిమంది జడ్జీలూ రూజ్‌వెల్ట్ గానీ ట్రూమన్ గానీ నియమించినవాళ్ళే!

కోర్టు తరఫున ప్రధాన తీర్పు రాసింది హ్యూగో బ్లాక్. చట్టం చేసే పని కాంగ్రెస్‌ది, ట్రూమన్ చేసింది చట్టం చేయడంలాంటిదే, కాబట్టి చెల్లదు. అంతే. చదవడానికి శుభ్రంగా ఉంటుంది. కానీ ప్రభుత్వాలు నడిచే తీరు అంత శుభ్రంగా ఉండదు కదా. ఫలితంతో ఏకీభవిస్తూనే జాక్సన్ విడిగా రాయడానికి కారణం అదే.

ఆయన లెక్కలో అధ్యక్షుడి అధికారం ఎప్పుడూ ఒకే కొలతలో ఉండదు. కాంగ్రెస్ ఏమన్నదో దాన్నిబట్టి పెరుగుతుంది, తరుగుతుంది. కాంగ్రెస్ అనుమతితో పనిచేసినప్పుడు అధ్యక్షుడి బలం అన్నిటికంటే ఎక్కువ. కాంగ్రెస్ ఏమీ అనకుండా ఊరుకుంటే మసక వెలుతురే, సందర్భాన్నిబట్టి తేల్చుకోవాలి. కాంగ్రెస్ వద్దన్న పని చేస్తే బలం అట్టడుక్కి పోతుంది. ట్రూమన్‌ని ఆయన ఈ మూడో అరలో పెట్టాడు. ఎందుకంటే ఇలాంటి స్వాధీనాల విషయంలో కాంగ్రెస్ అప్పటికే చట్టాల్లో వేరే దారులు పెట్టింది, ట్రూమన్ వాటిలో దేన్నీ వాడలేదు.

ఈ రాతకి బలం ఈ వర్గీకరణ ఒక్కటే కాదు, రాసిన మనిషి కూడా. జాక్సన్ ఒకప్పుడు రూజ్‌వెల్ట్ అటార్నీ జనరల్. 1941లో ఒక విమానాల ఫ్యాక్టరీని ప్రభుత్వం చేతుల్లోకి తీసుకున్నప్పుడు దాన్ని గట్టిగా సమర్థించినవాడు. ఆ పాత మాటల్నే ట్రూమన్ పక్షం ముందుకు తెచ్చింది. ఆయన దాటవేయలేదు: లాయరుగా అన్నమాట జడ్జిగా తనని కట్టిపడేయదని చెప్పేశాడు. తర్వాత న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకుల మీద అమెరికా తరఫున ప్రాసిక్యూషన్ నడిపింది కూడా ఈయనే. అందుకే హిట్లర్‌కి ముందరి జర్మనీలో, ఎమర్జెన్సీ పేరిట హక్కుల్ని ఆపే అధికారాన్ని 13 ఏళ్ళలో 250కి పైగా సార్లు వాడారని రాస్తున్నప్పుడు గొంతు పెంచడు. లెక్క చెప్పి ఊరుకుంటాడు. రాజ్యాంగ నిర్మాతల మనసులో ఏముందో వెతకడం, ఫరో కలలకి జోసెఫ్ అర్థం చెప్పడంలాంటిదని ఒక చురక కూడా వేస్తాడు.

ప్రోగ్రామర్లకి ఈ పద్ధతి వెంటనే నచ్చేస్తుంది: మూడు కండిషన్లు, మూడు ఫలితాలు. చిక్కంతా కండిషన్ చెక్ చేసేచోటే ఉంది. కాంగ్రెస్ మౌనాన్ని ఎవరు ఎలా చదవాలి? 1981లో ఇరాన్ బందీల ఒప్పందం మీద కేసు వచ్చినప్పుడు కోర్టు ఇదే తీర్పుని ఆధారం చేసుకుని, కాంగ్రెస్ ఇన్నాళ్ళూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని అధ్యక్షుడి వైపు మొగ్గింది. ఆ తీర్పు రాసిన రెన్‌క్విస్ట్, స్టీలు కేసు నడిచిన రోజుల్లో జాక్సన్ దగ్గర క్లర్కు! గురువు మసక వెలుతురు అన్నది శిష్యుడి చేతిలో పచ్చజెండా అయింది.

ఇంతకన్నా పెద్ద బీట ఇంకోటుంది. వద్దని చెప్పడం కాంగ్రెస్ చేతిలో పనే అన్న నమ్మకం మీద మూడో అర నిలబడింది. 1976 చట్టం ప్రకారం అధ్యక్షుడు ప్రకటించిన ఎమర్జెన్సీని ఉభయసభలూ తీర్మానం చేసి రద్దు చేయొచ్చు, ఆయన సంతకం అక్కర్లేదు. 1983లో చద్దా కేసు వచ్చింది. కెన్యాలో పుట్టిన భారత సంతతి విద్యార్థి మీద డిపోర్టేషన్ వ్యవహారం అది. అందులో కోర్టు, అధ్యక్షుడి సంతకం లేని ఇలాంటి తీర్మానాలు చెల్లవంది. అప్పట్నుంచి వద్దనాలన్నా ఆయన సంతకం కావాలి, లేదా ఆయన వీటోని దాటడానికి రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. 2019లో సరిహద్దు గోడ కోసం ట్రంప్ ఎమర్జెన్సీ పెడితే ఉభయసభలూ వద్దన్నాయి. ఆయన వీటో చేశాడు. దాన్ని దాటే ఓట్లు దొరకలేదు, ఎమర్జెన్సీ నిలిచింది. అధికారం అప్పగించేటప్పుడు మామూలు మెజారిటీ చాలు. వెనక్కి తీసుకోవాలంటేనే కొండెక్కాలి. జాక్సన్ వ్యాసంలో ఈ ఎక్కుడుదిగుడు లెక్క లేదు.

అదే 1952 జూన్ 27న ఇంకో సంగతి జరిగింది. ట్రూమన్ వీటోని దాటి మరీ కాంగ్రెస్ ఒక వలస చట్టం చేసింది. దేశానికి హానికరమనిపిస్తే విదేశీయుల ప్రవేశాన్ని అధ్యక్షుడు ఆపొచ్చని అందులో ఒక వాక్యం పెట్టింది. 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్‌1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల షరతు పెట్టిన ప్రకటనకి ముఖ్య ఆధారం ఆ వాక్యమే. హైదరాబాద్ నుంచి డాలస్ దాకా తెలుగు ఇళ్ళలో ఆ వారం ఫోన్లు ఆగలేదు. ప్రవేశం ఆపే అధికారమైతే కాంగ్రెస్ ఇచ్చింది. దానికి ధర కట్టే అధికారం కూడా ఇచ్చిందా అన్నదే ప్రశ్న. అంటే మొదటి అరా, మూడో అరా అన్న జాక్సన్ ప్రశ్నే.

మనకి నచ్చిన పనుల్ని కూడా ఇదే తూకం వేయాలి. 2015లో హెచ్‌4 మీదున్న కొందరికి ఉద్యోగ అనుమతి వచ్చింది ప్రభుత్వ శాఖ రూలుతోనే, కాంగ్రెస్ చేసిన కొత్త చట్టంతో కాదు. అందుకే అది ఎప్పుడు పోతుందోనన్న భయం ఆ కుటుంబాల్ని ఇన్నేళ్ళూ వదల్లేదు. గ్రీన్‌కార్డుల్లో దేశానికి 7 శాతం పరిమితి మాత్రం కాంగ్రెస్ చట్టం. దాన్ని ఏ అధ్యక్షుడూ కలంపోటుతో మార్చలేడు.

పనిముట్టు వాడగలిగినవాడిదే అవుతుందన్న పాత సామెతని గుర్తుచేసి, తన అధికారం జారిపోకుండా కాపాడుకోవాల్సింది కాంగ్రెసేనని జాక్సన్ చివర్లో హెచ్చరిస్తాడు. అప్పటికే జారిపోయినదాన్ని ఎలా తెచ్చుకోవాలో మాత్రం ఆయన చెప్పలేదు. ఈ తీర్పు అధ్యక్షుడిని ఆపే గోడ అనుకుని చదివితే నిరాశ తప్పదు. కాంగ్రెస్‌కి పట్టిన అద్దం అనుకుని చదివితే ఇవాళ రాసినట్టే ఉంటుంది.