పది బిందెల ఇల్లు

మొన్న శనివారం పొద్దున్నే కాఫీ పెడదామని లేచి చూస్తే, స్టవ్ పక్కన గోడకున్న చిన్న పలకలో దీపాలు రెండే వెలుగుతున్నాయి. మంచినీళ్ళ ట్యాంకు లెక్క చెప్పే దీపాలవి. ముందురోజు సాయంత్రం నాలుగూ వెలిగాయి. ఒక్క రాత్రిలో సగం ట్యాంకు ఖాళీ! కూతురు తలంటుకుంది. మనవరాలు పావుగంట షవర్ కింద నిలబడింది. అల్లుడు గిన్నెలన్నీ ధార కింద పెట్టి కడిగాడు. ఎవరూ కొత్తగా ఏమీ చేయలేదు, ఫీనిక్స్‌లో ఇంట్లో రోజూ చేసేదే చేశారు. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా గుడారం పట్టుదల తెలుసు. ఇల్లంత బండి ఆర్‌వీలో వెళ్తే ఇల్లు వదిలి వెళ్ళినట్టే కాదని, ఫ్రిజ్జూ మంచమూ మోసుకుపోయేవాళ్ళకు ఎడారి కనబడదని ఇక్కడే చాలాసార్లు రాశాను. ఈసారి నా మోకాళ్ళు నేల పడకకు ఒప్పుకోలేదు. అల్లుడు ఇరవై అయిదు అడుగుల బండి అద్దెకు తెచ్చాడు. ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా ఉత్తరానికి పోయి, పేజ్ ఊరు దాటి, గ్లెన్ కాన్యన్ డ్యాం పక్క వంతెన మీదుగా యూటాలో అడుగుపెట్టాం. అరిజోనా వాళ్ళం వేసవిలో గడియారం మార్చం కనుక, సరిహద్దు దాటగానే ఫోన్‌లో టైమ్ గంట ముందుకు దూకింది. కొద్ది దూరంలోనే లోన్ రాక్ బీచ్. లేక్ పావెల్ అంచున ఇసుక, ఎదురుగా ఒంటరిగా నిలబడ్డ పెద్ద రాతి గుట్ట. కరెంటు ప్లగ్గు లేదు, బండికి తగిలించుకునే నీటి గొట్టం లేదు. నీటి దగ్గరికి పోదామని ఆశపడి మెత్తటి ఇసుకలోకి దిగిన బండ్లు ఇరుసుదాకా కూరుకుపోతాయి. అందుకే మేం వెనక గట్టి నేల మీదే ఆగాం. పల్లంలో ఉన్న చక్రాల కింద పలకలు పెట్టి బండిని సమం చేసుకున్నాం. సాయంత్రం గాలి లేవగానే పక్కనున్న పరదా చుట్టేశాం. అంతా బాగుంది, ఆ దీపాలు చూసేదాకా.

ఫ్రెష్ ట్యాంక్ 40 గాలన్లు, అంటే 150 లీటర్లు. నీళ్ళను నేను బిందెల్లోనే లెక్కేస్తానని మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పది బిందెలు. అందులో అయిదు పోయాయి. సోమవారం దాకా నలుగురికీ మిగిలినవి అయిదే.

షవర్ బంద్ అని చెప్పాను. మనవరాలు కిటికీలోంచి చూపించి, “ఎదురుగా ఇన్ని నీళ్ళున్నాయి కదా అమ్మమ్మా, మనకెందుకు లేవు?” అంది.

ఆ మాట సరిగ్గా అలాగే నేను మా అమ్మను అడిగాను. 1981లో. అప్పటికి నాకు పదిహేనేళ్ళు.

మాది అప్పటి కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డు. శ్రీశైలం రిజర్వాయర్ కింద వందకు పైగా ఊళ్ళు పోయాయి, మాదీ అందులో ఒకటి. నీళ్ళు రాకముందే ఇళ్ళు కూలగొట్టారు. మా నాన్న దూలాలూ తలుపులూ ఎద్దుల బండి మీద తోలుకొచ్చి, మాకు చూపించిన కాలనీలో పాక వేశాడు. కాలనీ నుంచి నీళ్ళు కనబడేవి. మూడు కిలోమీటర్ల అవతల తెల్లగా మెరుస్తూ ఉండేవి. తాగడానికి మాత్రం మాకు రెండు బోరింగులు, ఒకటి ఉప్పు. తియ్యనీళ్ళ బోరింగు దగ్గర తెల్లవారుజామున మూడింటికే బిందెల వరస. ఎండాకాలం నీళ్ళు వెనక్కి జరిగేకొద్దీ రిజర్వాయర్ అంచంతా మోకాటి లోతు బురద, పశువు దిగితే పైకి లాగడం కష్టం. “ఎదురుగా అన్ని నీళ్ళున్నాయి కదమ్మా” అన్నందుకు అమ్మ నాకు జవాబు చెప్పలేదు. కడవ ఎత్తి నా చంకన పెట్టింది.

రోజుకు ఆరు బిందెలతో అమ్మ ఏడుగురి సంసారం నడిపింది. ఎలాగో చెప్తాను, ఎందుకంటే ఇది కూడా ఒక విద్యే. బియ్యం కడిగిన నీళ్ళు పారబోసేది కాదు, అందులోనే ఆకుకూర మొదటిసారి జాడించేది. ఆ నీళ్ళు కుడితి తొట్టిలోకి. గిన్నెలను ముందు బూడిదతో పొడిగా తోమి, జిడ్డంతా పోయాక ఒక చెంబుతో తొలిచేది. ఆ తొలిచిన నీళ్ళు కరివేపాకు మొక్కకు. మేం స్నానం చేసే బండ కింద చిన్న కాలువ తీసింది, అది అరటిపిలక దగ్గర ఆగేది. ఒక్క కడవ నీళ్ళు మూడు చోట్ల పనిచేస్తే గానీ ఆమెకు తృప్తి ఉండేది కాదు. ఎండాకాలం నీటిమట్టం దిగి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో మా ఊరి పునాదులూ తేలేవి. అమ్మ ఎండలో అంత దూరం నడిచి పోయి, మా ఇంటి గడప రాయి మీద కాసేపు కూర్చుని వచ్చేది. అందుకే రిజర్వాయర్ ఎండితే నాకు చిన్నప్పటినుంచీ సంతోషం. ఆ సంతోషాన్నే అరిజోనాకూ మోసుకొచ్చాను.

లేక్ పావెల్ కథ దానికి తగ్గట్టే ఉంది. 710 అడుగుల గ్లెన్ కాన్యన్ డ్యాం వెనక 1963 మార్చిలో నీళ్ళు నిలపడం మొదలుపెట్టారు. శ్రీశైలానికి నెహ్రూ శంకుస్థాపన చేసిందీ అదే ఏడాది. పావెల్ పూర్తిగా నిండడానికి 17 ఏళ్ళు పట్టింది. 1980లో నిండినప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 3,700 అడుగులు, 2023 వసంతంలో దాదాపు 3,520. ఎర్రటి రాతిగోడల మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పట్టీ ఉంటుంది, పాత నీటిమట్టం వదిలిన ఖనిజాల మరక అది. ఆ పట్టీ ఎంత వెడల్పైతే నాకు అంత హాయిగా ఉండేది. మునిగిపోయిన లోయలు బయటపడుతున్నాయి, ‘కెథడ్రల్ ఇన్ ద డెజర్ట్’ అనే రాతి మండపంలో మళ్ళీ జలపాతం కనబడుతోంది అని చదివినప్పుడల్లా అమ్మ గడప రాయే గుర్తొచ్చేది. ఈ డ్యాంను ఆపలేకపోయినందుకు పర్యావరణ ఉద్యమకారుడు డేవిడ్ బ్రవర్ జీవితమంతా బాధపడ్డాడంటే నాకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

శనివారం మధ్యాహ్నం పాలకోసం పేజ్ వెళ్ళాం. డ్యాం కట్టే పనివాళ్ళకోసం 1957లో నవాహో ఆదివాసుల నేల మీద వెలిసిన ఊరది. పెట్రోల్ బంకు దగ్గర ఒక పికప్ ట్రక్కు, వెనక తెల్లటి ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు, పక్కన ఒక ముసలావిడ. నవాహో నేషన్‌లో ఇప్పటికీ కుళాయి లేని ఇళ్ళు వేలల్లో ఉన్నాయి, వాళ్ళు ఇలాగే మైళ్ళకొద్దీ నీళ్ళు తోలుకుంటారు. 2019లో మూతపడేదాకా పేజ్ పక్కనున్న బొగ్గు కరెంటు కేంద్రం ఈ సరస్సు నీళ్ళతోనే నడిచింది. ఆ కరెంటుతోనే కొలరాడో నీళ్ళను కొండలెక్కించి, 336 మైళ్ళ కాలువలో ఫీనిక్స్‌కూ టూసాన్‌కూ పంపేవారు. మా ఇంటి షవర్‌లో పావుగంట కారేవి ఆ కాలువ నీళ్ళే. సరస్సు ఎండితే నేను సంతోషించాను. దాని అంచున ఉన్నావిడకు అది నిండినప్పుడూ ఒక చుక్క రాలేదు, ఎండినప్పుడూ రాలేదు. కడవ పట్టుకుని బోరింగు దగ్గర నిలబడ్డ మనిషిని నేనే అయ్యుండీ, ఇన్నేళ్ళు నీటిమట్టం అంకెలే ఎందుకు చూశానో అర్థం కాలేదు.

తిరిగొచ్చి అమ్మ పద్ధతి మొదలుపెట్టాను. పళ్ళేల జిడ్డు ముందు కాగితంతో తుడవాలి, లేకపోతే తాలింపు నూనె కడిగిన నీళ్ళు పోయే గ్రే ట్యాంక్ గోడలకు పట్టి రెండో రోజుకే కంపు లేస్తుంది. కుళాయి కింద ఎప్పుడూ ఒక గిన్నె ఉండాలి. బియ్యం కడిగిన నీళ్ళలో కూరగాయలు, ఆ నీళ్ళలో చెంచాలు, చివరికి అవే టాయిలెట్‌లో. టాయిలెట్ కింది బ్లాక్ ట్యాంక్‌కు ఎలాగూ నీళ్ళు కావాలి, సరిపడా పోయకపోతే మలం అడుగున గుట్టగా గట్టిపడుతుంది. స్నానం మనిషికి నాలుగు చెంబులు. మనవరాలు మూడింటితో ముగించి, నాలుగో చెంబు తెచ్చి నాకు చూపించింది.

గుడారంలో నేను ఇదంతా ఎప్పుడూ చేయలేదు. కార్లో సీసాల పెట్టెలు, క్యాంపు కుళాయికి పదిసార్లు పరుగు, కడిగిన నీళ్ళు పొద కింద. ఎంత వాడానో లెక్క లేదు, ఎక్కడికి పోయిందో చూడలేదు. ఈ బండిలో వచ్చిన నీళ్ళూ పోయిన నీళ్ళూ మన కాళ్ళ కిందే ఉంటాయి, మనం ఎక్కడికి పోతే అక్కడికి మనతోనే వస్తాయి. అమ్మ కుడితి తొట్టికి చక్రాలు తగిలించినట్టు. ఎడారి కనబడాలంటే గుడారమే కావాలని పదేళ్ళుగా రాస్తున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

సోమవారం పొద్దున చివరి దీపం ఆరింది, కుళాయిలో మాత్రం ఇంకా సన్నటి ధార వస్తూనే ఉంది. దారిలో డంప్ స్టేషన్‌లో ఆగాం. ముందు బ్లాక్ ట్యాంక్ వదలాలి, తర్వాత గ్రే, అప్పుడు ఆ నీళ్ళే గొట్టాన్ని కడుగుతాయి. అల్లుడు చేతికి తొడుగులు వేసుకుని మీటలు లాగుతుంటే, మనవరాలు పక్కన నిలబడి గొట్టంలో నీళ్ళు ఎంతసేపు పోతాయోనని సెకన్లు లెక్కపెట్టింది.

అక్టోబరులో మళ్ళీ వెళ్దామని నేనే అడిగాను. “ఈసారి పెద్ద ట్యాంకున్న బండి చూస్తానత్తయ్యా” అన్నాడు. వద్దన్నాను. ఇదే బండి, నాలుగు రోజులు, రోజుకు రెండున్నర బిందెలు.