దస్త్రమా, ఫైలా?

మా ఆఫీసు వ్యాను నడిపే అతనిది నిజామాబాదు దగ్గర ఒక పల్లెటూరు. దోహా వచ్చి పద్నాలుగేళ్ళయింది. కిందటేడు నా పాత ల్యాప్‌టాపును శుభ్రం చేసి, లినక్స్ ఎక్కించి, తెలుగు భాష పెట్టి మరీ అతనికిచ్చాను, సెలవు రోజుల్లో ఇంటివాళ్ళతో మాట్లాడుకుంటాడని. రెండు వారాలు తిరక్కుండానే వెనక్కి తెచ్చాడు. "సార్, దీన్ల మళ్ల ఇంగ్లీషే పెట్టుండ్రి. ఇది తెలుగే గని మన తెలుగు గాదు" అన్నాడు. ఎక్కడ ఇబ్బంది వచ్చిందని అడిగితే "అమరికలు" అన్న మాట మీద వేలు పెట్టాడు. "సెట్టింగులంటే నాకెర్కే గద సార్?"

నాకు నవ్వు రాలేదు. ఆ మాట నేను పుట్టించింది కాదు గానీ, అలాంటి మాటలు పేర్చిన చేతుల్లో నా చేతులూ ఉన్నాయి. 2006 ప్రాంతంలో హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, రాత్రిపూట నలుగురు మిత్రులతో కూర్చుని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మెనూలను తెలుగు చేసేవాణ్ణి. పైన ఇంగ్లీషు వాక్యం, కింద ఖాళీ. ఆ ఖాళీ నింపడమే పని. ఆ మాట తెర మీద ఎక్కడ కనిపిస్తుందో, అది నొక్కే మీటో, శీర్షికో, హెచ్చరికో చాలాసార్లు తెలిసేది కాదు. "ఓపెన్" అని ఉంటే అది "తెరువు" అనే ఆజ్ఞా, "తెరిచి ఉంది" అనే సమాచారమా అన్నది ఊహించుకోవలసిందే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2005లో హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ పుట్టింది. కంప్యూటర్లో తెలుగు బతుకుతుందని మాకందరికీ గట్టి నమ్మకం. ఆ కృషిని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. కానీ ఇరవయ్యేళ్ళ తర్వాత సొంత పనినే పరాయివాడిలా చదువుకుంటే కొన్ని లోపాలు కళ్ళకు కడుతున్నాయి. వాటిని చెప్పుకోవడం మంచిదే.

మొదటిది మాటల ఎంపిక. ఫైలుకు మేము "దస్త్రం" అని రాసి, అచ్చ తెలుగు మాట పెట్టామని మురిసిపోయాం. నిజానికి దస్త్రం కూడా కచేరీల కాలంలో హిందూస్తానీ నుంచి వచ్చి చేరిందే. ఆ మాటకొస్తే ఖాతా, జాబితా, తారీఖు, రద్దు, హక్కు ఇవన్నీ అలా వచ్చినవే. ఖతార్ వచ్చాక ఈ సంగతి నాకు మరీ తెలిసొచ్చింది. ఇక్కడ అరబ్బీలో ఈమెయిలు తెరిస్తే, జవాబు రాసే మీట మీద "రద్ద్" అని ఉంటుంది. మనకు అదే మాట "రద్దు" అయి, పని ఆపేసే మీట మీద కూర్చుంది. ఒకే మాట, రెండు ఊళ్ళలో రెండు కాపురాలు! కాబట్టి మాట ఎక్కడ పుట్టిందన్నది కాదు, మన నోట్లో ఎలా నలిగిందన్నది చూడాలి. "ఫైలు" ఎప్పుడో నలిగింది. ఫైళ్ళు, ఫైలుకి, ఫైల్లో అంటూ మన విభక్తులన్నీ ఒంటికి పట్టించుకుంది. రెవెన్యూ ఆఫీసుకి తిరిగిన ప్రతి రైతుకీ అది తెలుసు. దాన్ని దించి "దస్త్రం" ఎక్కించడం వల్ల ఒరిగిందేమీ లేదు.

అలాగని అన్నిటికీ ఇంగ్లీషే తగిలించమనడం లేదు. తెలుగు వికీపీడియా వాళ్ళు లింకును "లంకె" అన్నారు. కొత్త, పాత సభ్యులు కబుర్లాడుకునే పేజీకి "రచ్చబండ" అని పేరు పెట్టారు. రచ్చబండ అనగానే వేపచెట్టు నీడ కూడా కనిపిస్తుంది. యూజర్‌కు తొలుత "సభ్యుడు" అని పెట్టి, తర్వాత "వాడుకరి"కి మారారు. సభ్యుడు అన్నంతసేపూ ఆడవాళ్ళు ఆ పేజీల్లో పరాయివాళ్ళే. నేర్పరి, కాపరి వరసలో పుట్టిన "వాడుకరి"కి ఆ ఇబ్బంది లేదు, అర్థం కోసం నిఘంటువు తిప్పనక్కర్లేదు. కొత్త మాట పుట్టించాలంటే ఇలా పుట్టించాలి. "సంగణకం" లాంటివి ఇరవయ్యేళ్ళుగా పీటల మీద కూర్చునే ఉన్నాయి, తాళి కట్టేవాడు రాలేదు.

రెండోది మర్యాద. ఇంగ్లీషు క్రియకు నువ్వు, మీరు అన్న తేడా లేదు. తెలుగులో ఆ తేడా తప్పించుకునే దారి లేదు. మేము ఒకచోట "తెరువు" అనీ, ఇంకోచోట "తెరవండి" అనీ, మరోచోట "తెరుచుట" అనీ రాశాం. ఒకే కిటికీలో మూడు గొంతులు! దీనికి సూత్రం కష్టమేమీ కాదు. మీట నొక్కేది మనిషి, ఆజ్ఞ వినేది యంత్రం. యంత్రానికి "తెరువు", "దాచు" చాలు. హెచ్చరికలోనో ప్రశ్నలోనో మాట్లాడేది యంత్రం, వినేది మనిషి. అక్కడ "సంకేతపదం ఇవ్వండి" అనాల్సిందే. మా అమ్మ వయసు మనిషిని యంత్రం ఏకవచనంలో పిలిస్తే ఊరుకుంటామా?

మూడోది వర్ణక్రమం. పాత తరం సర్వరు, మౌసు, ఫైలు అని అచ్చుతో ముగిస్తే, కొత్త తరం సర్వర్, మౌస్, ఫైల్ అని పొల్లుతో ఆపుతోంది. ఏదైనా సరే, ఒక ప్రోగ్రాములో ఒకటే ఉండాలి. ఇంకా చిక్కు పొల్లు మాట మధ్యలో వచ్చినప్పుడు. "సాఫ్ట్‌వేర్" అని విడిగా కనపడాలంటే టకారప్పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ అక్షరం వేయాలి. అది వేయకపోతే "సాఫ్ట్వేర్" అని వత్తు కిందికి జారుతుంది. చదివేవాడికి రెండూ ఒకటే, వెతికే యంత్రానికి మాత్రం రెండూ వేరు. ఒకరు వేసి, ఒకరు మానేస్తే సగం పేజీలు వెతుకులాటలో దొరకనే దొరకవు. ఈ అదృశ్యాక్షరాన్ని తేలిగ్గా తీసుకోకూడదని 2018 ఫిబ్రవరిలో లోకమంతటికీ తెలిసింది. "జ్ఞా" అన్న అక్షరం మధ్యలో అది ఇరుక్కున్న రూపం తెర మీదకు రాగానే ఐఫోనుల్లో అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆపిల్ వాళ్ళు ఆ నెలలోనే దిద్దుబాటు విడుదల చేశారు.

నాలుగోది పేర్లు. మన లిపి పలికినట్టే రాస్తుంది, ఆ సదుపాయాన్ని మనమే పాడుచేసుకుంటున్నాం. "ఉబుంటు" అన్నది దక్షిణాఫ్రికా భాషల మాట. ఉన్నదున్నట్టు తెలుగులో రాయొచ్చు. మనం ఇంగ్లీషు స్పెల్లింగు చదివి "యుబంటు" అంటాం. లినక్స్‌ను "లైనక్స్" అనేవాళ్ళూ ఉన్నారు. 1991లో దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఆ పేరు తానెలా పలుకుతాడో రికార్డు చేసి మరీ వినిపించాడు. అది "లై" కాదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది "ఫ్రీ" అన్న మాట. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పటి నుంచి రిచర్డ్ స్టాల్‌మన్ చెబుతూనే ఉన్నాడు, తన "ఫ్రీ" ధర గురించి కాదు, స్వాతంత్ర్యం గురించి అని. ఆ తికమక తప్పించడానికి కూడా 1998లో కొందరు "ఓపెన్ సోర్స్" అన్న పేరు తెచ్చారు. తెలుగుకు ఆ తికమకే లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. అరబ్బీ వాళ్ళకీ "హుర్ర్" వేరు, "మజ్జానీ" వేరు, వాళ్ళు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు హుర్ర్ మాటనే వాడుకున్నారు. మనం మాత్రం ఎన్నో చోట్ల "ఉచిత సాఫ్ట్‌వేర్" అని రాసి, ఇంగ్లీషు పేదరికాన్ని అరువు తెచ్చుకున్నాం.

ఖతార్‌లో 2019లో అరబ్బీ భాష రక్షణకు చట్టమే వచ్చింది. వ్యాపారం పేరు విదేశీదైనా, పక్కన అరబ్బీ లిపిలో కూడా రాయాలి. అయినా కంప్యూటర్ విషయంలో ఇక్కడా రెండు దారులున్నాయి. పుస్తకాల్లో "హాసూబ్", వీధిలో "కంబ్యూటర్". వాళ్ళ లిపిలో పకారం లేదు కదా! 2001లో మొదలైన అరబ్‌ఐస్ అనే స్వచ్ఛంద బృందం లినక్స్‌ను అరబ్బీలోకి తెస్తూ ఉమ్మడి పదాల పట్టిక కోసం తంటాలు పడింది. మన దేశంలో రెడ్ హ్యాట్ ఆసరాతో 2008లో మొదలైన ఫ్యూయెల్ ప్రాజెక్టు ఉద్దేశమూ అదే. పదిమందీ పది మాటలు రాయకుండా, తరచు వచ్చే మాటలకైనా ఒక ఒప్పందం.

ఒప్పందం కావాలి. కానీ అది నలుగురు ఇంజనీర్లు ఒక గదిలో కూర్చుని చేసుకునేది కాకూడదు, మేము చేసిన తప్పు అదే. మాట పెట్టేముందు దాన్ని వ్యాను డ్రైవరుకీ, ఊళ్ళో ఉన్న అమ్మకీ ఫోనులో వినిపించి చూడాలి. ఫోనులో వినగానే అర్థమైతే తెర మీదా అర్థమవుతుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో ఒక అదృష్టం ఉంది. నచ్చని మాటను కంపెనీ దయ కోసం ఎదురుచూడకుండా మనమే దిద్ది పంపొచ్చు. అందుకే ఆ ల్యాప్‌టాపును నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. ఇప్పుడు శుక్రవారాల్లో మేమిద్దరం దాని ముందు కూర్చుంటున్నాం. అతను చదువుతాడు, ఎక్కడ ఆగితే అక్కడ నేను రాసుకుంటాను. ఇప్పటికి నలభై మూడు మాటలయ్యాయి. మొదటిది "అమరికలు".