సంక్షేమ రాజ్యంలో గృహిణి స్థానం

1942 డిసెంబరులో బ్రిటన్‌లో వెలువడిన బెవరిడ్జ్ నివేదికను సంక్షేమ రాజ్యానికి పునాదిగా మన విద్యార్థులు చదువుకుంటారు. లేమి, రోగం, అజ్ఞానం, మురికి, నిరుద్యోగం అనే అయిదుగురు రాక్షసులపై అది ప్రకటించిన యుద్ధం గొప్పదే. అందులో స్త్రీకి దక్కిన స్థానమేమిటో పరిశీలించవలసి ఉన్నది.

గృహిణి శ్రమ లేనిదే జాతి నిలవదని నివేదిక ఒప్పుకున్నది. ఒప్పుకుంటూనే వివాహితను వేరే తరగతిగా విడదీసి, భర్త చెల్లించే చందాపై ఆధారపడే మనిషిగా లెక్కగట్టింది. 1946 నాటి జాతీయ బీమా చట్టం ఆ లెక్కనే అనుసరించింది. ఉద్యోగం చేసే భార్య పూర్తి చందా కట్టనక్కరలేదు. కట్టినా ఆమెకు వచ్చే నిరుద్యోగ భృతి తక్కువే. పొగడ్త ఆమెకు, హక్కు అతనికి!

దీనికి మూలం ఆర్థిక వ్యవస్థలో ఉన్నది. కార్మికుణ్ణి ప్రతి ఉదయమూ పనికి సిద్ధం చేసే శ్రమ పెట్టుబడికి ఉచితంగా దొరకాలి. ఆ ఉచిత శ్రమమీదనే రాజ్యం కూడా తన సంక్షేమ సౌధాన్ని నిలిపింది. రోగులకు ఇంట సేవచేసేవారికని 1976లో మొదలైన భృతి వివాహితలకు 1986 దాకా అందలేదు. వారెట్లాగూ ఇంట్లోనే ఉంటారు గదా అన్నదే ప్రభుత్వ వాదం!

కాని చరిత్ర ఒకవైపే నడవదు. 1945లో కుటుంబ భృతిని తండ్రికివ్వాలని బిల్లు తెస్తే, ఎలినార్ రాత్‌బోన్ పార్లమెంటులో పోరాడి తల్లికి దక్కేట్లు చేశారు. రెండవ బిడ్డ నుంచి వారానికి 5 షిల్లింగులు, స్వల్పమే. అయినా అది భర్త దయతో నిమిత్తం లేని డబ్బు. ఏ సంక్షేమ పథకాన్నయినా తూచేటప్పుడు ఎంత ఇచ్చారో చూసి ఊరుకోరాదు. ఎవరి చేతికి, ఏ హోదాలో ఇచ్చారో అడగాలి.