బోడికొండ అనవచ్చునా?

మొన్న మా వెనక వాటాలో ఉండే అమ్మాయి ఇబ్సెన్ ‘బ్రాండ్’ నాటకం పట్టుకొచ్చింది. ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది. కాలేజీ వార్షికోత్సవానికి అందులో నాలుగో అంకం తెలుగు చేస్తోందట.

“పిన్నిగారూ, ఫ్యెల్డ్ అని ఉంది, ఏం రాయను?” అంది.

పాతికేళ్ళుగా ఇంగ్లీషు నవలలు నములుతున్నదాన్ని, నేనూ తడుముకున్నాను. నిఘంటువు తీస్తే, స్కాండినేవియాలో చెట్టూ చేమా లేని ఎత్తయిన రాతినేల అని ఉంది. నార్వే నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. అక్కణ్ణించే వచ్చిన స్కీ, ఫియర్డ్ అందరి నోళ్ళలోనూ పడ్డాయి. ఇది మాత్రం నిఘంటువులో ఓ మూల కూర్చుండిపోయింది, పెళ్ళివారింట్లో పలకరించే దిక్కులేని చుట్టంలాగా.

తమాషా ఏమిటంటే ఆ ఇంట్లో దీని తోబుట్టువు అప్పటికే ఉంది. వెయ్యేళ్ళ క్రితం ఓడల మీద వచ్చి ఉత్తర ఇంగ్లండులో స్థిరపడ్డవాళ్ళు తమ కొండమాటను వెంట తెచ్చుకున్నారు. అది అరిగి అరిగి ‘ఫెల్’ అయింది. ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన స్కాఫెల్ పైక్ పేరులో ఉన్నది అదే. మన బడిలో నేర్పిన ప్రకృతి, వికృతి గుర్తున్నాయా? అలాంటి వరసే. పోతే ఆ ‘డ్’ రాతలోనే గాని పలుకులో లేదు. 1814 దాకా నార్వే డెన్మార్కు ఏలుబడిలో ఉండి డేనిష్ రాతకు అలవాటుపడింది. ఇప్పుడు నార్వేలో ఆ అక్షరం తీసేసి ఫ్యెల్ అనే రాస్తారు.

అమ్మాయి మొదట ‘కొండ’ అని రాసింది. కొట్టేయమన్నాను. మన కొండకి మెట్లుంటాయి, పైన దేవుడుంటాడు, దారిలో కోతులూ సీతాఫలాలూ ఉంటాయి. ‘పర్వతం’ అంటే ఎవరో తపస్సు చేసుకుంటున్నట్టుంటుంది. ‘పీఠభూమి’ అంటే ఎనిమిదో తరగతి భూగోళం. ఇక్కడ కావలసింది, వేసవి మరీ చిన్నదై చెట్టు నిలవలేని ఎత్తు, నాచూ రాయీ మంచూ తప్ప కంటికి మరేదీ ఆనని చోటు.

అయినా నిఘంటువువారి ‘నిస్సారం’ అన్న మాటతో నాకు పేచీ ఉంది. ఆ కొండల అంచునే వేసవిలో ఆడవాళ్ళు పశువుల్ని తోలుకెళ్ళి, పాలు పితికి, వెన్నా జున్నుగడ్డలూ చేసేవారు. ఆ మకాంని సేటర్ అంటారు. ‘పేర్ గింట్’ లో కూడా అలాంటి పిల్లలు ముగ్గురు కనిపిస్తారు. నిస్సారమని రాసిన పెద్దమనిషి బహుశా చలికాలంలో వెళ్ళి ఉంటాడు!

అసలు సంగతికొస్తాను. ‘బ్రాండ్’ 1866లో అచ్చయింది. అప్పటికి రెండేళ్ళ ముందే దేశం విడిచిన ఇబ్సెన్, ఇటలీ ఎండలో కూర్చుని ఈ మంచు రాశాడు. బ్రాండ్ పాదిరీ. ఇస్తే అంతా ఇవ్వాలి, లేదా ఏమీ వద్దు అంటాడు. చివరికి జనాన్ని వెంటేసుకుని కొండెక్కుతాడు, వాళ్ళు రాళ్ళు రువ్వి దిగిపోతారు, మంచు విరిగిపడుతుంది. విమర్శకులంతా ఆ అయిదో అంకం దగ్గరే బారులు తీరతారు. నాకు మాత్రం అసలు ఫ్యెల్డ్ నాలుగో అంకంలో, ఆ ఇంటి గదిలోనే కనిపిస్తుంది.

కొండ నీడలో ఎండ పడని ఇల్లు. పిల్లవాడు బతకాలంటే ఊరు మారమని వైద్యుడు చెప్పినా బ్రాండ్ కదల్లేదు, వాడు పోయాడు. క్రిస్మస్ రాత్రి తల్లి ఆగ్నెస్ కిటికీలోంచి దీపపు వెలుగు వాడి సమాధి మీద పడేలా చూసుకుంటుంది. తలుపు మూయమంటాడు మొగుడు. ఇంతలో ఓ దేశదిమ్మరి స్త్రీ తన బిడ్డకు బట్టలడుగుతుంది. ఆగ్నెస్ దాచుకున్న చిన్న చిన్న చొక్కాలన్నీ పోతాయి. చివరికి గుండెల్లో దాచుకున్న టోపీ ఒక్కటీ కూడా. ఇష్టపూర్తిగా ఇచ్చావా అని అడుగుతాడు, పైగా! ఆ తర్వాత ఆమె ఎన్నాళ్ళో బతకదు. బ్రాండ్‌ని గొప్ప ఆదర్శవాదిగా ఎత్తిపట్టే వ్యాసాలు చదివినప్పుడల్లా, ఆ టోపీ మీరు చూశారా అని అడగాలనిపిస్తుంది.

అందుకే ‘బోడికొండ’ అని రాయమన్నాను. మాట సరిగ్గా కుదిరింది. అన్నాక నాలుక కరుచుకున్నాను. మా నాయనమ్మ అక్కగారిని, తలమీద తెల్లకొంగు జారనివ్వకుండా తిరిగే ఆవిణ్ణి, ఈ మాటతోనే ఎవరో ఎదురు రావద్దన్నారు. నా చిన్నప్పుడు, నా ముందే. ఆవిడ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళి చారు పోపు పెట్టింది. కొండకైతే ఆ మాట వర్ణన. మనిషికైతే తిట్టు. ఆగ్నెస్ ఉన్న అంకంలో దాన్ని వాడచ్చా?

ఆ సంగతి అమ్మాయికి చెప్పాను. ఏమీ అనలేదు, కాగితాలు తీసుకుని వెళ్ళింది. మర్నాడు తెచ్చి చూపించింది. బ్రాండ్ మాటల్లో అన్నిచోట్లా ‘బోడికొండ’ అనే ఉంది. ఆగ్నెస్ మాటల్లో మాత్రం ‘ఆ పైన’ అని రాసింది.

నేనేమీ దిద్దలేదు.