గునపం కాలిందా?

పొద్దున్నే పెంటపోగులో గునపం గుచ్చి, కాసేపాగి పైకి లాగి, మొన చేత్తో పట్టుకుని చూడటం నాకీమధ్య పేపరు చదవడం లాంటి అలవాటైపోయింది. మొన చురుక్కుమంటే ఆ రోజంతా హుషారు. చల్లగా వస్తే కాఫీ కూడా రుచించదు.

మొదటి ఏడు అది ఎప్పుడూ చల్లగానే వచ్చింది. హార్వెస్టరు వదిలేసిన వరిగడ్డిని పక్క చేలవాళ్లు తగలబెడుతుంటే, నేనేదో మహా తెలివైనవాడిలా ఇంటికి తోలించి, మా రెండు గేదెల పేడ అక్కడక్కడా చల్లి కుప్పేశాను. మూడు నెలలయ్యాక పక్కచేను పెద్దాయన వచ్చి కాలితో కదిపి చూశాడు. "ఏం బాబూ, ఇది పెంటపోగా, గడ్డివామా?" గడ్డి రంగైనా మారలేదు మరి.

కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి ముప్పై పాళ్ల కర్బనం ఉంటే సరిపోతుంది. వరిగడ్డిలో అది అరవై, ఎనభై పాళ్లుంటుంది. తిండి ఉన్నా అరగదన్నమాట. రెండో ఏడు ఆ కసి కొద్దీ పచ్చిపేడ దట్టంగా పోశాను. గాలాడక కంపెత్తిపోయింది. మా ఆవిడ వారం రోజులు పెరటి తలుపు తీయలేదు.

అసలు సరుకు కొట్టంలో నేల మీదే పోతోందని తర్వాత తెలిసింది. పశువు వదిలే నత్రజనిలో సగం దాకా పంచితంలోనే ఉంటుంది. ఇండోర్‌లో 1924 నుంచి 1931 దాకా ఎరువుల మీద పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్ దీన్ని వదల్లేదు. పంచితం ఇంకిన కొట్టం మట్టిని తవ్వించి, చెత్తా పేడా బూడిదలతో కలిపి పోగు వేయించేవాడు. మనమేమో సిమెంటు గచ్చు చేయించుకుని, పైపుతో కడిగి, పంచితాన్ని మురుక్కాలవలోకి సాగనంపి, ఆనక యూరియా బస్తా కోసం లైన్లో నిలబడతాం.

ఇప్పుడు రాత్రిళ్లు గేదెల కింద గడ్డి పరుస్తున్నాను. తెల్లారి ఆ తడిసిన గడ్డి, పేడ కలిపి పోగులోకి. గుప్పెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. నాలుగో రోజుకి గునపం కాలింది! అరవై డిగ్రీల వేడికి కలుపు గింజలు చాలామటుకు చస్తాయి. పచ్చిపేడ తోలితే కలుపు మనమే విత్తుకున్నట్టు.

టన్ను పశువుల ఎరువులో నత్రజని అయిదు కిలోలు. ఒక్క యూరియా బస్తాకి సాటి రావాలంటే నాలుగు టన్నులు తోలాలి. ఈ లెక్క చెప్పి నవ్వేవాళ్లతో నేను వాదించను, లెక్క నిజమే. నేల గుల్లబారడానికి బస్తాలో ఏమీ ఉండదు, అంతే. నాకు ఒళ్లు మండేదల్లా, ఇంత కష్టపడి మాగబెట్టిన ఎరువుని చేలో కుప్పలు పోసి, రోహిణి ఎండలో వారాల తరబడి వదిలేయడం. తోలిన రోజే చల్లి దున్నేస్తే ఏం పోయింది?

మొన్న పోగు తిరగేస్తుంటే, వేడి తగలని అంచులో బొటనవేలంత తెల్లపురుగులు బయటపడ్డాయి. కొబ్బరిని తొలిచే కొమ్ముపురుగు పిల్లలు. పెరట్లో కొబ్బరిచెట్లు ఆరున్నాయి, గుండె జారింది. "అంచుది నడిమికి వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను?" అంటూ పెద్దాయన పార లాక్కున్నాడు. ఆయన పెళ్లగిస్తున్నాడు, మా కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఏరుకుంటున్నాయి.