కోసి అతికించిన గొంతు

‘ద మదర్ వి షేర్’ పాట మాటలతో మొదలు కాదు, మాటల తునకలతో మొదలవుతుంది. ఒక అమ్మాయి గొంతును ఏ అక్షరమో తెలియనంత చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ ఒక్కో స్వరం మీద కూర్చోబెట్టి, వాటితోనే చిన్న బాణీ అల్లారు. అది చెవిలో కుదురుకునేలోపే అదే గొంతు, ఈసారి ఏ కోతా లేకుండా, పాట ఎత్తుకుంటుంది. ఇందాక యంత్రంలా పలికిందీ ఇప్పుడు మనిషిలా పలుకుతున్నదీ ఒకే గొంతని ఎవరూ చెప్పనక్కర్లేదు, చెవి పట్టేస్తుంది. 2012లో ఈ పాట విన్న విమర్శకులు చాలామంది ‘ఒకసారి వింటే వదలదు’ అన్న ధోరణిలో మెచ్చుకున్నారు. మెచ్చుకోలు సరైనదే. ఎందుకు వదలదో చెప్పినవాళ్లే తక్కువ.

పాడింది చర్చెస్ అనే ముగ్గురి బృందం. ఊరు స్కాట్లండ్‌లోని గ్లాస్గో. ఇంటర్నెట్‌లో వెతికితే ప్రార్థనా మందిరాల మధ్య తప్పిపోకుండా, ఇంగ్లిష్ పేరులో యూ అక్షరం తీసేసి వీ పెట్టుకున్నారు. గ్లాస్గో అనగానే బ్రిటిష్ సంగీత పత్రికలకు గుర్తొచ్చేవి గిటార్లు. మోగ్వాయ్ హోరు, బెల్ అండ్ సెబాస్టియన్ నాజూకు దిగులు, రెండూ ఆ ఊరి సొత్తే. చర్చెస్ ముగ్గురూ ఆ గుంపులోంచి వచ్చినవాళ్లే. ఇయన్ కుక్ ఏరోగ్రామ్ అనే బృందంలో ఉండేవాడు, అది 2007లో విడిపోయింది. మార్టిన్ డోహెర్టీ ద ట్విలైట్ శాడ్ బృందంతో కచేరీలకు తిరిగాడు. లారెన్ మేబెర్రీ న్యాయశాస్త్రం చదివి, జర్నలిజంలో మాస్టర్స్ చేసి, మరో చిన్న బృందంలో పాడుతూ డ్రమ్స్ కూడా వాయించేది. 2011లో ఆ బృందం పాటల రికార్డింగ్ పని చూసుకున్నది కుక్. ఆ పరిచయంతోనే, డోహెర్టీతో కలిసి తను కట్టుకుంటున్న కొత్త బాణీలకు పాడమని ఆమెను పిలిచాడు.

ఎలక్ట్రానిక్ పాప్ వీళ్లెవరికీ పుట్టింటి విద్య కాదన్నమాట. నా లెక్కలో వీళ్ల పనితనానికి మూలం అక్కడే ఉంది. డ్యాన్స్ సంగీతంలో పెరిగినవాళ్లకు తాళం ఆగకుండా నడవడమే ముఖ్యం. గిటార్ బృందాల్లో పెరిగినవాళ్లకు ఎక్కడ తగ్గాలో, ఎక్కడ విరుచుకుపడాలో ముఖ్యం. చర్చెస్ పాటల్లో చరణానికీ పల్లవికీ మధ్య ఉన్న ఎత్తుపల్లాలు రాక్ కచేరీ వేదికల మీద నేర్చుకున్నవి. సింథసైజర్‌ని వీళ్లు హంగు కోసం వాడలేదు, ఒకప్పుడు గిటార్ మోసిన బరువంతా దానికి అప్పగించారు.

తొలి ఆల్బమ్ ‘ద బోన్స్ ఆఫ్ వాట్ యు బిలీవ్’ 2013 సెప్టెంబరులో వచ్చింది. అప్పటికే పేరు మోగిపోతోంది. ఆ ఏడాది మొదట్లో బీబీసీ ప్రకటించిన ‘సౌండ్ ఆఫ్ 2013’ జాబితాలో అయిదో స్థానం, మార్చిలో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో జరిగే సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో వర్ధమాన విదేశీ బృందానికిచ్చే గ్రుల్కే బహుమతి, యూరప్‌లో డిపేష్ మోడ్ బృందం కచేరీలకు ముందు పాడే అవకాశం. ఇంత ఊపుతో వచ్చే తొలి ఆల్బమ్ కోసం పత్రికలు కత్తులు నూరుకుని కూర్చోవడం మామూలే. కత్తులకు పెద్దగా పని పడలేదు. సమీక్షలు చాలావరకు అనుకూలంగా వచ్చాయి. బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో తొమ్మిదో స్థానం, అమెరికాలో పన్నెండో స్థానం దక్కాయి. ఇద్దరు కుర్రాళ్లూ ఒక అమ్మాయీ కుక్ సొంత స్టూడియోలో, బయటి నిర్మాత లేకుండా తామే కట్టుకున్న పాటలివి. మిక్సింగ్ ఒక్కటే రిచ్ కాస్టీ చేతికిచ్చారు.

సమీక్షల్లో రెండు మాటలు పదేపదే వినిపించాయి. ఒకటి, ఇది 1980ల నాటి సింథ్ పాప్‌కి కొత్త ఊపిరి అని. రెండు, తీపి గొంతు చేదు మాటలు పాడుతోందని. మొదటిది సగమే నిజం. ఆ కాలపు సింథసైజర్ల పలుకు ఇందులో ఉన్నమాట వాస్తవమే, ఇళయరాజా పాటల మీద పెరిగిన మన చెవులకూ ఆ పలుకు కొత్తేమీ కాదు. కానీ గొంతును తునకలు చేసి వాయిద్యంగా వాడటం, బేస్‌ని ఛాతీకి తగిలేలా కిందికి దించడం 1980ల వాసన కాదు. హిప్ హాప్ నిర్మాతల దగ్గర, ఇటీవలి డ్యాన్స్ సంగీతంలో నేర్చుకున్నవి అవి.

రెండో మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ‘గన్’ పాటనే తీసుకోండి. భాష తెలియనివాళ్లు వింటే పెళ్లి ఊరేగింపులో పెట్టుకోవచ్చనుకుంటారు. గలగలమని పైనుంచి దొర్లే స్వరాలు, గెంతులేయించే తాళం. మాటలేమో మోసం చేసినవాడికిస్తున్న హెచ్చరిక. ఈ వైరుధ్యాన్ని గుర్తించడం తేలిక, దాన్ని నిలబెట్టడం కష్టం. గాయని కోపాన్ని గొంతులో కూడా చూపిస్తే వైరుధ్యం చచ్చిపోతుంది, నవ్వుతూ పాడితే వెటకారమవుతుంది. మేబెర్రీ రెండూ చేయదు. స్వరాన్ని వణికించదు, సాగదీయదు, గమకాల జోలికి పోదు. ప్రతి మాటనూ అంచులు తెగేలా పలుకుతుంది. స్కాటిష్ యాసను అమెరికన్ యాస కింద దాచుకోదు. డ్రమ్స్ వాయించిన మనిషి కనుకనేమో, హల్లులు సరిగ్గా దెబ్బ మీద పడతాయి. కోపమంతా ఆ కచ్చితత్వంలోనే ఉంటుంది. ఈ గొంతు ‘అందంగా ఉంది, లోతు లేదు’ అనుకున్నవాళ్లూ లేకపోలేదు. వాళ్లు లోతుని వణుకులో వెతికారని నా అనుమానం.

ఆ గొంతు చుట్టూ మిగతా ఇద్దరూ చేసిన ఏర్పాటు చూడాలి. కింద బేస్ చిక్కగా, మురికిగా ఉంటుంది. పైన మెరిసే స్వరాలుంటాయి. నడిమి భాగాన్ని చాలా పాటల్లో కావాలనే పలచగా వదిలారు, గొంతు నిలబడేది అక్కడే. వాకిట్లో ముగ్గు తెల్లగా కనిపించాలంటే కింద అలికిన నేల ముదురుగా ఉండాలి కదా, ఇక్కడి లెక్కా అదే. ‘లైస్’లో డ్రమ్స్ దెబ్బలు ఎంత బరువైనవంటే, మామూలుగా అయితే అంత సన్నని గొంతు వాటి కింద నలిగిపోవాలి. నలగదు. ఆ దెబ్బలకూ గొంతుకూ ధ్వనిలో వేరువేరు గదులు కేటాయించారు కాబట్టి.

‘టెథర్’ మాత్రం ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టం. మొదటి భాగం దాదాపు ఖాళీ: గొంతు, దాని కింద సన్నని మోత, మధ్యలో ఊపిరాడేంత జాగా. తాళం ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనిపిస్తూ రాదు. పాట సగం దాటాక, ఇక ఇది ఇంతేలే అని మనం సర్దుకున్నాక, సింథసైజర్లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఆ ఉప్పెన గొప్పగా వినిపించడానికి కారణం ముందు పాటించిన ఓపిక. రేడియో కోసం పాట కట్టేవాళ్లు శ్రోతను అంతసేపు ఉట్టి చేతులతో కూర్చోబెట్టడానికి భయపడతారు. మన సినిమా పాటల సమీక్షల్లో బాణీ గురించీ గాయకుల గురించీ రాస్తాం గానీ, ఇలాంటి ఖాళీ గురించి రాయం. అక్కడి పత్రికలూ దీన్ని వదిలేసి ‘లైస్’, ‘గన్’ దగ్గరే ఎక్కువగా ఆగాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పన్నెండు పాటల్లో ‘అండర్ ద టైడ్’, ‘యు కాట్ ద లైట్’ డోహెర్టీ పాడాడు. ఇవి ఆల్బమ్ బిగిని సడలించాయన్నవాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. ‘అండర్ ద టైడ్’ వేదిక మీద బాగా పండే పాట. చివరి పాట మాత్రం మేబెర్రీ పలుకులోని పదును లేక పొగమంచులా విడిపోతుంది. రెండో సగంలో పల్లవులు ఒకదానికొకటి దగ్గరి చుట్టాల్లా వినిపిస్తాయన్నదీ కాదనలేను.

ఆదరణలో ఇంకో కోణం కూడా ఉంది. ముగ్గురూ సమానంగా చేసే పని అని బృందం చెబుతున్నా, చూసేవాళ్ల దృష్టి ముందు నిలబడ్డ అమ్మాయి మీదే పడింది, అదీ ఆమె పని మీద కాదు. తనకు ఆన్‌లైన్‌లో వచ్చిపడిన రోత సందేశాల గురించి ఆల్బమ్ విడుదలైన కొద్దిరోజులకే మేబెర్రీ గార్డియన్ పత్రికలో వ్యాసం రాసింది. వాటిని భరించడానికి తాను ఒప్పుకోనని తెగేసి చెప్పింది. జర్నలిజం చదివిన చేయి ఆ వ్యాసంలో కనిపిస్తుంది: ఏడుపు లేదు, వాక్యాలు సూటిగా ఉన్నాయి. ఆమె పాడే తీరు కూడా అదే కదా.

తర్వాతి ఆల్బమ్‌లు ఈ పనితనానికి పరీక్ష పెట్టాయి. 2015లో ‘ఎవ్రీ ఓపెన్ ఐ’ కోసం ఖరీదైన స్టూడియోలకు పోకుండా మళ్లీ గ్లాస్గోలోని తమ గదికే వెళ్లారు. పాటలు ఇంకా బిగుసుకున్నాయి. 2018లో ‘లవ్ ఈజ్ డెడ్’కి గ్రెగ్ కర్‌స్టిన్ లాంటి పెద్ద నిర్మాతలతో కూర్చున్నారు. ధ్వని నున్నబడింది, గొంతుకూ దెబ్బలకూ కేటాయించిన గదుల మధ్య గోడలు చెరిగిపోయాయి, సమీక్షలూ చల్లబడ్డాయి. 2021లో ‘స్క్రీన్ వయొలెన్స్’ను మళ్లీ తామే నిర్మించుకున్నారు. ద క్యూర్ బృందం గాయకుడు రాబర్ట్ స్మిత్ ఒక పాటలో గొంతు కలిపాడు. ఈసారి పత్రికలు మళ్లీ వెచ్చబడ్డాయి.

కొత్తగా వినేవాళ్లు ‘ద మదర్ వి షేర్’తో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. నన్నడిగితే ‘టెథర్’తో మొదలుపెట్టి, అది అయ్యాక ‘గన్’ వినండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, ఆ బేస్ అందులో అసలు వినిపించదు.