తోలుపని - ఆటలో వృత్తి, ఊరిలో కులము

మన భాషలో "వృత్తి" యను మాటకు ముందు "కుల"మను మాట పిలువకయే వచ్చి కూర్చుండును. కుండలు చేయువారు, బట్టలు నేయువారు, తోలు కుట్టువారు - వీరెవ్వరును తమ పనిని ఎన్నుకొన్నవారు గారు. పుట్టుకయే వీరికి దానిని నిర్ణయించి పెట్టినది. ఇంగ్లీషువారి "ప్రొఫెషన్" అను పదమునకు మూలమైన లాటిను ధాతువునకు నలుగురిలో చెప్పి యొప్పుకొనుట యని యర్థము. ఒకటి తలపై పడునది. మరియొకటి తానై చేతికి తీసికొనునది. ఈ రెంటికి నడుమ గల దూరమును మన యువకులు రాత్రులు మేల్కొని యాడు ఆటలలో నొకటి చక్కగా కొలిచి చూపుచున్నది.

ఆ యాట పేరు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అమెరికాలోని బ్లిజార్డ్ అను సంస్థవారు దీనిని 2004 నవంబరు 23వ తేదీన వెలువరించిరి. ఆ తొలిరూపమును 2019లో "క్లాసిక్" అను పేర మరల లోకమున కిచ్చిరి. అంతర్జాలముద్వారా వేలకొలది జనులు ఒక కల్పితలోకమున బ్రవేశించి, అందు యోధులై, మాంత్రికులై సంచరింతురు. పెద్దలు ఇట్టివానిని కాలహరణమని తోసివేయుదురు. పిల్లలు పెద్దలకేమి తెలియునందురు. మేము ఈ రెండు వాదములను ప్రక్కనుంచి, కావ్యమున నొక సర్గను పరీక్షించునట్లు, ఈ యాటలోని తోలుపని యను భాగమును మాత్రము పరీక్షింపదలచితిమి. విశాఖపట్టణపు గృహస్థులకు దీనితో నేమి పని యందురేమో. పని కలదు, అది క్రమముగా తేలగలదు.

మొదట ఆ భాగముయొక్క కట్టుబాటు చూతము. ఆటలో ప్రతివాడును రెండు ముఖ్యవృత్తులను చేపట్టవచ్చును. తోలుపని కోరువాడు సామాన్యముగా జంతువుల తోలు తీయు విద్యనుగూడ దానికి జతగా నేర్చును. మానవుడైనను, మరుగుజ్జైనను, ఓర్కు అను జాతివాడైనను అభ్యంతరము లేదు. గురువు చిన్న రుసుము తీసికొని నేర్పును. తొలిరూపమున ఈ విద్యకు 300 మెట్లు. 75 వరకు శిష్యుడు, 150 వరకు పనివాడు, 225 వరకు నిపుణుడు, 300 వరకు శిల్పి. తోళ్లును తేలికదానినుండి మిక్కిలి గట్టిదానివరకు ఐదు తరగతులు. చేయదగిన ప్రతివస్తువు పేరును ఒక రంగులో కనబడును. నారింజరంగుదైనచో దానిని చేసిన ప్రతిసారియు ఒక మెట్టెక్కుదురు, పసుపైనచో తరచుగా, ఆకుపచ్చయైనచో అరుదుగా, బూడిదరంగు వచ్చినచో ఎన్ని చేసినను ప్రయోజనము లేదు.

ఈ యేర్పాటునందు మెచ్చదగిన గుణములు రెండున్నవి. చేతనైన పనినే పదేపదే చేయువాడు పెరుగడనియు, తన శక్తికి కొంచెము మించినదే విద్యయనియు ఆ బూడిదరంగు బోధించుచున్నది. మన పాఠశాలలలో వల్లించుటయే చదువని తలచు ఉపాధ్యాయులు దీనిని గమనింపవలసియున్నది. రెండవ గుణము దీనికంటె గొప్పది. ఆ లోకమున తోలుపనివాడు కుట్టిన కవచమును వీరులు ధరింతురు. కొనువాడు అతని జన్మ మడుగడు; అతడెన్నవ మెట్టుననున్నాడో యడుగును. గౌరవముగా పిలుచును, పని ముగిసినపిదప కృతజ్ఞత చెప్పును. తోలుపనిలో 300 మెట్లెక్కితినని చెప్పుకొనుట అచ్చట బిరుదు.

ఇక మన యూరికి వత్తము. బావినుండి నీరు తోడిన మోటకు తోలుతొండము, ఎడ్లకు పట్టెడలు, రైతుకు చెప్పులు, జాతరకు డప్పు - ఇవన్నియు మాదిగల చేతిపనులే. ఆ చేతులు లేనిచో పూర్వము మెట్టపొలము పండియుండెడిది కాదు. అయినను పండిన పంటలో వారికి దక్కినది కళ్లమువద్ద కొలిచియిచ్చిన కొద్దిపాటి గింజలు. నివాసము ఊరి వెలుపల. తండ్రి యెంత నేర్పరియైనను, కొడుకు అంతకు మించినను, వారికి రెండవ మెట్టు లేదు. 1941లో వెలువడిన "గబ్బిలము"లో గుఱ్ఱము జాషువ అరుంధతీయుడగు నాయకుని దుఃఖమును శివునికి విన్నవించుటకు దేవాలయములో స్వేచ్ఛగా తిరుగు గబ్బిలమును దూతగా పంపెను. గబ్బిలమునకు గల ప్రవేశము మనుష్యునికి లేకపోయెను. మృదంగము వాయించువాడు విద్వాంసుడు. దానికి చర్మము మూసి బిగించినవాని పేరు సభలో నెవ్వరును చెప్పరు. తప్పు చర్మమునందున్నచో ఇరువురి చేతులకును అంటవలెను గదా!

భాషయే సాక్ష్యము పలుకుచున్నది. ఆటలో తోలుతీయుట నేర్వదగిన విద్య. మన యిండ్లలో "తోలు తీసెద"నన్నది బెదిరింపు. కాలిని ముల్లునుండి కాపాడు చెప్పు మన నోట తిట్టుగా మారినది. లొంగియున్నవానిని "చెప్పుకింద తేలు" అందుము. 1950 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. నాలుకపైనున్న అస్పృశ్యతను ఏ అధికరణమును రద్దుచేయజాలదు.

ఆటను ఇంతగా మెచ్చినంతమాత్రమున దాని లోపములను దాచము. మొదటిది: అందు వాసన లేదు. మీట నొక్కిన కొన్ని క్షణములలో చర్మము తోలగును, తోలు కవచమగును. ఒకానొక చోట ఉప్పు వేయవలయునను నియమమొక్కటే వాస్తవమునకు దగ్గరగానున్నది. నిజమైన పని వేరు. పచ్చిచర్మమునకు ఉప్పు పట్టించి, నీట నానవేసి, సున్నపునీటిలో దినములకొలది యుంచి, వెండ్రుకలు గీకి, లోపలి మాంసపుపొర చెక్కి, సున్నము పోవునట్లు కడిగి, తంగేడుచెక్క, తుమ్మచెక్క, కరక్కాయల రసములో వారములకొలది ఊరవేయవలెను. ఆ లందవద్ద చేతులు పగులును. వాసన వంటిని వదలదు. ఆ కరక్కాయను మన్యపు కొండలలో గిరిజనులు ఏరుదురు. 1956లో నేర్పడి విశాఖయందు ప్రధాన కార్యాలయము గల గిరిజన సహకార సంస్థవారు కొను అటవీవస్తువులలో అదియు నొకటి. ఒక జత చెప్పుల వెనుక ఇందరి చేతులున్నవని ఆట చెప్పదు.

రెండవ లోపము: అచ్చట లెక్కకే గాని మేలునకు విలువ లేదు. ఒకే వస్తువును ఏబదిమంది చేసినను ఏబదియు ఒక్కతీరే. మెట్లెక్కుటకై ఎవ్వరికిని అక్కరలేని వస్తువులను కుప్పలుగా చేసి కారుచౌకగా అంగడివాని కమ్మివేయుదురు. నిజమైన పనివాడు ఒక మనిషి పాదమును చూచి, మడమ తీరును, వ్రేళ్ల వెడల్పును గుర్తించి కత్తిరించును. ఆ చూపే నేర్పు. దానికి అంకెలు లేవు.

మూడవది అన్నిటికంటె చింతింపదగినది. విసుగుపుట్టించు ఆ మెట్లను తామెక్కక, నిజమైన ధనమిచ్చి పరులచేత నెక్కించుకొనువారును బయలుదేరిరి. సంస్థవారి నియమములు దీనిని నిషేధించుచున్నను, పేదదేశముల యువకులు కూలికి పగలు రాత్రి ఆడి, ధనికుల పాత్రలను పెంచియిచ్చు వ్యాపారము పుట్టినది. కులము లేని లోకమును కల్పించుకొన్నను, శ్రమను ఒకరిపై వేసి ఫలమును తామనుభవించు నలవాటు అచ్చటికిని వెంటవచ్చెను. దీనినిబట్టి మేము తేల్చునది యేమనగా, ఈ యాట తోలుపనికి గౌరవమిచ్చినది గాని శ్రమను తొలగించి యిచ్చినది. మన సంఘము శ్రమను పుచ్చుకొని గౌరవమును తొలగించినది. శ్రమయు గౌరవమును ఒకే చేతిలో నుంచుటయే సంస్కారము.

అది యసాధ్యము కాదు. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో చెప్పులు కుట్టుట నేర్చి, చెరసాలలో తాను కుట్టిన జతను తన ప్రతిపక్షియగు స్మట్సునకు 1914లో కానుకగా పంపెను. పుట్టుకచేత వైశ్యుడు తోలుపనిని ఎన్నుకొనెను. ఇంతకంటె దగ్గరి సాక్ష్యము మన విశాఖయే. 1933లో ఇచ్చట ఓడరేవు తెరువబడినది. 1971లో ఉక్కుకర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. పల్లెలనుండి వచ్చిన రైతులబిడ్డలు, జాలరులబిడ్డలు క్రేను నడుపుటయు కొలిమి నెరపుటయు నేర్చిరి. తండ్రి యెరుగని పనిని కొడుకు నేర్వగలడని ఈ పట్టణము చూపినది. ఆ కర్మాగారములలో నిప్పురవ్వలనుండి వెల్డరు చేతులను కాపాడునవి తోలు చేదొడుగులే. ఆటలోని కవచము కల్పితము. ఇది నిజమైన కవచము.

అయినను వీధిమూలను గొడుగుక్రింద కూర్చుండి చెప్పులు కుట్టువానిని మన మెట్లు పిలుచుచున్నాము? తనకంటె ఇరువదియేండ్లు పెద్దయైన యాతనిని "ఏమిరా" యని పిలిచి, పది రూపాయలకు బేరమాడి, డబ్బులు చేతికీయక నేలపై వేయు గృహస్థులు నేటికిని కలరు. ఆ గృహములోని కుమారుడే రాత్రి కంప్యూటరుముందు కూర్చుండి తోలుపనిలో 300 మెట్లెక్కితినని సంతోషించుచుండవచ్చును. ఆతడు ఉదయమున లేచి, "అన్నా, ఈ కుట్టు మీరెట్లు వేసినారు?" అని యొక్కసారి యడిగినచో ఆతని యాట వ్యర్థము కాలేదని మేమొప్పుకొందుము.

తల్లిదండ్రులకును ఒక ప్రశ్న. మదరాసులో 1948లో స్థాపింపబడిన కేంద్ర తోలు పరిశోధనాలయము ఈ విద్యను శాస్త్రముగా పెంచినది. రసాయనశాస్త్రము, యంత్రశాస్త్రము, రూపకల్పన మూడును గలసిన చదువిది. మీ కుమారుడో కుమార్తెయో తోలువిద్య చదివెదనన్నచో, మీరు సంతోషముగా దరఖాస్తుపై సంతకము చేయుదురా? లేక "నలుగురేమందురు" అని వెనుదీయుదురా? ఆ "నలుగురి"లో మొదటివారు మీరేనేమో విచారించుకొనుడు.

పిల్లలను ఆట మాన్పించుటకు ముందు, ఆ యాటలో నున్న యీ యొక్క మంచినియమమును ఇంటిలోనికి తెచ్చికొందము. పనివానిని పుట్టుక యడుగక నేర్పునే యడుగుదము; అడిగిన కూలి నిచ్చి, చేతికి చేయి తగులునట్లు ఇత్తము.